పాటల గురించి రాసేవాళ్ళకు గూగుల్ సెర్చ్ కన్సోల్ ఏ మేరకు పనికొస్తుంది?

ఒగ్గుకథ మీద, చిందు యక్షగానం మీద, బతుకమ్మ పాటల మీద ఇష్టంతో సైటు పెట్టుకుని రాసేవాళ్ళందరికీ మొదటి ఏడాదిలో ఎదురయ్యే చిక్కు ఒక్కటే. తెలిసినవాళ్ళు చదువుతారు, చుట్టాలు లైకు కొడతారు, ఇగ అక్కడే ఆగిపోతుంది. కరీంనగర్‌లోనో దుబాయిలోనో కూర్చుని సరిగ్గా అదే విషయం కోసం వెతుకుతున్న మనిషికి ఆ పేజీ కనబడదు. ఈ దూరం తగ్గించుకోవడానికి దొరికే పనిముట్లలో పైసా ఖర్చు లేనిది, మనవాళ్ళు పెద్దగా పట్టించుకోనిది గూగుల్ సెర్చ్ కన్సోల్, అంటే గూగుల్ వెతుకులాటల్లో మన సైటు ఎట్లా కనబడుతోందో సైటు సొంతదారుకు చూపే గూగుల్ వారి సేవ. వరంగల్ ప్రాంతపు సంగీతం మీద తెలుగులో రాసేవాళ్ళకు అది ఎంతవరకు అక్కరకొస్తుందో చూసి రాస్తున్న సమీక్ష ఇది.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. ఇది పాఠకులను తీసుకురాదు. వాళ్ళు ఏ మాటతో, ఏ స్పెల్లింగుతో, ఏ నెలలో వెతుకుతున్నారో చూపిస్తుంది. చూపించిన దాన్ని బట్టి పేజీలను సర్దుకునే ఓపిక ఉంటే ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. గ్రాఫు ఒక్కటే చూసి మూసేస్తే దీనితో ఒరిగేదేమీ లేదు.

మొదలుపెట్టడం కష్టం కాదు. సైటు బ్లాగర్‌లో ఉంటే అదే జీమెయిల్‌తో సెర్చ్ కన్సోల్ తెరవండి. సైటు అడ్రసు ఇవ్వగానే ఆ సైటు మీదేనని దానంతటదే నిర్ధారణ అవుతుంది. సొంత డొమైన్ కొనుక్కున్నవాళ్ళు 'డొమైన్' అనే రకాన్ని ఎంచుకోవాలి. అప్పుడు గూగుల్ ఒక టీఎక్స్‌టీ రికార్డు, అంటే ఒక చిన్న కోడు వరస, ఇస్తుంది. దాన్ని డొమైన్ కొన్న చోట డీఎన్ఎస్ సెట్టింగుల్లో అతికించాలి. కొన్ని నిమిషాల్లో పని కావచ్చు, ఒకటి రెండు రోజులు కూడా పట్టవచ్చు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. నిర్ధారణ అయిపోయింది కదా అని ఆ రికార్డును తర్వాత తీసేస్తారు. గూగుల్ మధ్యమధ్యలో మళ్ళీ తనిఖీ చేస్తుంది కాబట్టి, రికార్డు లేకపోతే రిపోర్టులు చూసే హక్కు పోతుంది. అది అలాగే ఉండనివ్వాలి. ఇద్దరు ముగ్గురు కలిసి రాసే సైటయితే పాస్‌వర్డు పంచుకోవద్దు. సెట్టింగుల్లో 'యూజర్స్' దగ్గర మిగతావాళ్ళ మెయిల్ చేర్చితే ఎవరి లాగిన్‌తో వాళ్ళు చూసుకోవచ్చు.

తర్వాత సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల జాబితా. బ్లాగర్‌లో అది ముందే తయారై ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి విడిగా ప్లగిన్ లేకుండానే తయారవుతుంది. దాని అడ్రసు ఒక్కసారి సమర్పిస్తే చాలు, కొత్త పోస్టు పెట్టినప్పుడల్లా మళ్ళీ ఇవ్వనక్కర్లేదు. కొత్త సైటుకు 'కుడ్ నాట్ ఫెచ్' అని ఎర్రగా చూపించడం మామూలే. సైట్‌మ్యాప్ బ్రౌజర్లో తెరుచుకుంటోందో లేదో చూసుకుని, తెరుచుకుంటుంటే వారం రోజులు వదిలేయండి. బ్లాగర్ సెట్టింగుల్లో 'ప్రైవసీ' కింద సెర్చ్ ఇంజన్లకు కనబడాలన్న మీట ఆన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ ఇంజన్లు రావద్దని చెప్పే టిక్కు తీసేసి ఉండాలి. సైటు కట్టేటప్పుడు పెట్టిన ఆ టిక్కు తీయడం మరిచిపోయి నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళున్నారు.

అసలు విలువంతా 'పెర్ఫార్మెన్స్' రిపోర్టులో ఉంది. అందులో నాలుగు అంకెలు కనబడతాయి: క్లిక్కులు, ఇంప్రెషన్లు, సీటీఆర్, సగటు స్థానం. ఇంప్రెషన్ అంటే గూగుల్ ఫలితాల్లో మీ పేజీ కనబడిన లెక్క. సీటీఆర్ అంటే అలా కనబడిన వాటిలో ఎన్నిసార్లు నొక్కారన్న శాతం. 400 సార్లు కనబడి 6 సార్లు నొక్కితే అది ఒకటిన్నర శాతం. కొత్తగా చూసేవాళ్ళ కళ్ళు క్లిక్కుల గ్రాఫు మీదికే పోతాయి. కానీ చూడాల్సింది కింద ఉన్న 'క్వెరీస్' పట్టిక. జనం గూగుల్‌లో కొట్టిన మాటలు అక్షరం పొల్లుపోకుండా అక్కడ ఉంటాయి.

ఆ పట్టిక తెరిస్తే తెలుగులో రాసేవాళ్ళు మొదట గమనించేది, తెలుగు సైటు కోసం కూడా ఎంతోమంది ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతున్నారన్న సంగతి. బతుకమ్మ అన్న ఒక్క మాటనే టీ పక్కన హెచ్ పెట్టి కొందరు, పెట్టకుండా కొందరు కొడతారు. ఒగ్గుకథను ఒకే మాటగా కొందరు, విడగొట్టి కొందరు రాస్తారు. తెలుగు లిపిలో వెతికేవాళ్ళలోనూ తేడాలుంటాయి: ఒగ్గుకథ, ఒగ్గు కథ, ఒగ్గుకత, బతుకమ్మ, బ్రతుకమ్మ. రాసేవాళ్ళు వ్యాకరణం చూసుకుని ఒక్క రూపమే వాడతారు. జనం నోట్లో ఉన్న రూపం వేరేదైతే ఆ పేజీ వాళ్ళ దాకా వెళ్ళదు.

ఈ రూపాలను విడదీసి చూడటానికి సెర్చ్ కన్సోల్లో ఒక సదుపాయముంది. 2021లో వచ్చిన రీజెక్స్ ఫిల్టర్ అది, అంటే ఒక నమూనా ఇస్తే దానికి సరిపోయే మాటలను ఏరి చూపేది. పేరు చూసి భయపడాల్సిన పనిలేదు. పైన ఫిల్టర్ జోడించే చోట 'క్వెరీ' ఎంచుకుని, 'కస్టమ్ రీజెక్స్' మీద నొక్కి, గడిలో ఇలా కొట్టండి:

[అ-హ]

ఒక్క తెలుగు అక్షరమైనా ఉన్న వెతుకులాటలన్నీ బయటికొస్తాయి. అదే గడిలో 'మ్యాచెస్' బదులు 'డజ్ నాట్ మ్యాచ్' పెడితే ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చినవి మిగులుతాయి. రెండిటి ఇంప్రెషన్లు పక్కపక్కన రాసుకోండి. మీ పాఠకులు ఏ లిపిలో ఆలోచిస్తున్నారో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంకొంచెం లోతుకు వెళ్ళాలంటే ఇది కొట్టండి:

ఒగ్గు ?క[థత]

మధ్యలో ఖాళీ జాగా, దాని వెంట ప్రశ్నార్థకం ఉన్నాయి చూడండి. ఖాళీ ఉన్నా లేకున్నా పర్వాలేదని దానర్థం. చివర చదరపు బ్రాకెట్లలో ఉన్న రెండక్షరాల్లో ఏదైనా సరే అని. ఒక్క వరసలో మూడు నాలుగు రూపాలు దొరుకుతాయి. ఏ రూపానికి ఇంప్రెషన్లు ఎక్కువున్నాయో దాన్ని శీర్షికలో వాడండి, మిగతావి వ్యాసంలో సహజంగా వచ్చే చోట ఒక్కోసారి రానివ్వండి. అన్ని రూపాలనూ శీర్షికలోనే కుక్కితే చదవడానికి చీదరగా ఉంటుంది. అట్లాంటి శీర్షికను గూగుల్ కూడా ఫలితాల్లో తనకు నచ్చినట్టు మార్చేస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల రూపానికి సరైన చోటు పేజీ అడ్రసు. ఇది తెలుగువాళ్ళను బాగా ఇబ్బంది పెట్టే విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. బ్లాగర్‌లో శీర్షిక మొత్తం తెలుగులో పెడితే, అడ్రసు తయారుచేసేటప్పుడు అది తెలుగు అక్షరాలను వదిలేస్తుంది. చివరికి 'బ్లాగ్ పోస్ట్' అని, దాని వెనక ఒక అంకె ఉన్న అడ్రసు వస్తుంది. ఏ పోస్టు దేని గురించో ఆ అడ్రసును చూస్తే మనిషికీ తెలియదు, గూగుల్‌కూ తెలియదు. ప్రచురించే ముందు కుడిపక్కన 'పర్మాలింక్' దగ్గర 'కస్టమ్' ఎంచుకుని, క్వెరీస్ పట్టికలో ఎక్కువగా కనబడిన ఇంగ్లీషు స్పెల్లింగును మాటల మధ్య అడ్డగీతతో ఇవ్వాలి. ప్రచురించాక మార్చాలంటే పోస్టును మళ్ళీ డ్రాఫ్టులోకి తేవాలి. అప్పుడు పాత లింకులు పనిచేయవు. అందుకే ముందే చూసుకోవాలి.

వర్డ్‌ప్రెస్‌లో కథ వేరు. అది తెలుగు అక్షరాలను వదలదు, కానీ వాటిని కోడుగా మార్చి దాస్తుంది. ఒక్కో తెలుగు అక్షర చిహ్నం తొమ్మిది గుర్తులవుతుంది. ఇక్కడ అక్షరమంటే మనం లెక్కపెట్టే అక్షరం కాదు. ఒత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడి లెక్క. 'ఒగ్గు' అన్నది మనకు రెండక్షరాలే. యంత్రానికి ఒ, గ, పొల్లు, గ, కొమ్ము అని ఐదు. అంటే 45 గుర్తులు. వర్డ్‌ప్రెస్ పేజీ పేరుకు ఉన్న హద్దు 200 గుర్తులు. అంటే ఇరవై రెండు చిహ్నాల దగ్గర అడ్రసు తెగిపోతుంది. 'కొమురవెల్లి మల్లన్న పట్నం పాటలు' అన్న శీర్షిక మూడో మాటలోనే నరికినట్టు అవుతుంది. పైగా ఆ లింకును వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తులతో నాలుగైదు వరసలు నిండిపోయి, చూసినవాళ్ళకు నొక్కాలంటే భయమేస్తుంది. అందుకే ఇక్కడ కూడా అడ్రసును చేత్తో ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వడమే మేలు.

ఇక వరంగల్ వైపు సంగీతం మీద రాసేవాళ్ళు ఈ పనిముట్టు విషయంలో తప్పకుండా తెలుసుకోవాల్సిన లోపం ఒకటుంది. పెర్ఫార్మెన్స్ రిపోర్టు 16 నెలల వెనక్కి మాత్రమే వెళ్తుంది. ఏడాదికోసారి వచ్చే పండుగలకు ఇది చాలు. కానీ మేడారం జాతర రెండేళ్ళకోసారి. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. ఆ నాలుగు రోజుల్లో, దానికి ముందు నెలలో సమ్మక్క సారలమ్మ పాటల కోసం, కోయ డోలి కోసం జనం ఏమేం వెతికారో చూపే వివరాలు 2025 జూన్ చివరికల్లా మాయమయ్యాయి. 2026 జనవరి 28న మొదలైన జాతరకు సిద్ధమైనవాళ్ళకు, ముందు జాతరలో ఏ మాటలు పనిచేశాయో చూసుకునే దారే లేకపోయింది. ఏ సైటుకైనా అన్నిటికంటే పెద్ద జనప్రవాహం వచ్చే సందర్భం అదే. కొలత మాత్రం దాన్నే పట్టుకోలేకపోతోంది. ఐదుకు ఐదు ఇవ్వకపోవడానికి మొదటి కారణం ఇది. చేతిలో ఉన్న మందు ఒక్కటే: జాతర అయిన నెలలోపు తేదీలు ఎంచుకుని 'ఎక్స్‌పోర్ట్' నొక్కి గూగుల్ షీటుగా దాచుకోవడం. ఒక్కసారికి 1,000 వరసలే వస్తాయి. జానపదం మీద రాసే చిన్న సైటుకు అవి సరిపోతాయి.

తేదీల దగ్గర ఇంకో ఉచ్చు. 'కంపేర్' మీద నొక్కి ఈ ఏడాది అక్టోబరును పోయిన ఏడాది అక్టోబరుతో పోల్చుకుంటారు. మన పండుగలు తిథుల్ని బట్టి వస్తాయి కదా. 2024లో ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 2న వచ్చింది. 2025లో సెప్టెంబరు 21నే వచ్చింది. 2025 అక్టోబరు లెక్క తీస్తే పాఠకులు కుప్పకూలినట్టు కనబడుతుంది. నిజానికి వాళ్ళు పది రోజుల ముందే వచ్చి వెళ్ళిపోయారు. 2026లో అధిక మాసం ఉంది కాబట్టి ఎంగిలిపూల బతుకమ్మ వచ్చే పెత్రమాస అక్టోబరు 10న పడింది. పోల్చేటప్పుడు 'కస్టమ్' ఎంచుకుని ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తేదీలు రెండేళ్ళకూ విడిగా ఇవ్వాలి. ఆ తొమ్మిది రోజులకు ముందు మూడు వారాలను కూడా కలిపి చూడండి. పాట పదాలు నేర్చుకోవాలనుకునేవాళ్ళు పండుగకు ముందే వెతుకుతారు.

పేజీ రాయాల్సిన సమయం కూడా ఈ గ్రాఫే చెబుతుంది. ఒగ్గుకథకు సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఊపు. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరల కాలం అది. సంక్రాంతి రోజు కూర్చుని రాసి పెడితే కొత్త సైటు పేజీ గూగుల్‌లోకి ఎక్కేసరికే సగం కాలం అయిపోతుంది. నవంబరులో పెట్టాలి. బతుకమ్మ పేజీ జూలై చివర్లో ఉండాలి. పద్మ పురస్కారాల జాబితా ఏటా జనవరి 25న వస్తుంది. 2022లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు, 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. అట్లాంటి పేరు బయటికి రాగానే ఆ కళ ఏమిటి, ఆ వాద్యం ఎట్లా ఉంటుంది అని వెతికేవాళ్ళు మొదలవుతారు. ఆ రాత్రి హడావుడిగా రాసిన నాలుగు వాక్యాలు పత్రికల సైట్లతో పోటీ పడలేవు. ఏడాది ముందే కుదురుగా రాసిపెట్టిన పేజీ నిలబడుతుంది. ఒగ్గుకథలో వాడే డోలు, తాళాలు, కంజీర గురించి, అసలు ఒగ్గు అంటే శివుడి డమరుకమన్న సంగతి గురించి, కథ చెప్పే వరస గురించి వివరంగా ఉన్న పేజీ అయితే వార్త చల్లారాక కూడా జనం వస్తూనే ఉంటారు.

'ఇండెక్సింగ్' కింద ఉన్న 'పేజెస్' రిపోర్టులో కనబడే మాటలు కొత్తవాళ్ళను బెదరగొడతాయి. అన్నిటినీ పట్టించుకోనక్కర్లేదు. బ్లాగర్ సైటులో లేబుల్ పేజీలన్నీ 'రోబోట్స్ ఆపింది' (గూగుల్ యంత్రం అక్కడికి రావద్దని సైటే చెప్పింది) అన్న వరసలో చేరతాయి. బ్లాగర్ తనంతట తానే వాటిని ఆపుతుంది కాబట్టి అది తప్పు కాదు. మొబైల్ అడ్రసులు మరో వరసలో 'ఆల్టర్నేట్ పేజ్' పేరుతో ఉంటాయి, అదీ మామూలే. దృష్టి పెట్టాల్సినవి రెండు. వాటిలో 'ఇండెక్స్' అంటే గూగుల్ వెతికి చూపించే పేజీల జాబితా. 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే గూగుల్‌కు ఆ పేజీ ఉందని తెలుసు, ఇంకా వచ్చి చూడలేదు. మీ పాత పేజీల నుంచి దానికి లింకు ఇస్తే త్వరగా వస్తుంది. 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే వచ్చి చూసి పక్కన పెట్టింది. దీనికి సాధారణంగా కారణం పేజీలో సరుకు లేకపోవడం. ఒక వీడియో, కింద రెండు వాక్యాలు, అంతే. లేకపోతే పాట పదాలు మాత్రమే ఉండి, అవే పదాలు యాభై సైట్లలో ఉండటం. ఏ ఊళ్ళో ఎట్లా పాడతారు, ఏ చరణం ఎక్కడ మారుతుంది, చప్పట్లు ఏ మాట మీద పడతాయి అన్నది చేర్చినప్పుడే ఆ పేజీ మీదవుతుంది. అది చేర్చాక 'యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్'లో అడ్రసు పెట్టి 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' నొక్కండి. రోజుకు కొన్ని పేజీలకే వీలుంటుంది. ఒకే పేజీకి పదిసార్లు నొక్కినా వరస ముందుకు జరగదు.

సరుకున్న పేజీ కూడా కనబడకపోతే ఫాంటు సంగతి చూడాలి. హన్మకొండ అయినా వరంగల్ చౌరస్తా అయినా, కరపత్రాలు, పాటల పుస్తకాలు డీటీపీ చేసే చోట అను ఫాంట్ల వాడకం ఇంకా ఉంది. కళాబృందం ఇచ్చిన ఫైలులో పాట తెరమీద తెలుగులా కనబడుతుంది కానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. దాన్ని అతికిస్తే సైటులో చిందరవందరగా వస్తుంది. అది చూసి కొందరు బొమ్మగా మార్చి జేపెగ్ పెడతారు. కంటికి బాగుంటుంది కానీ గూగుల్‌కు అందులోని పాట మాటలు పాఠంగా అందవు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, ముఖ్యంగా క్ష, జ్ఞ, ర వత్తు ఉన్న చోట్లు చదివి దిద్దుకోవాలి. పేజీ గూగుల్‌కు ఎట్లా కనబడుతోందో తెలుసుకోవాలంటే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో 'టెస్ట్ లైవ్ యూఆర్ఎల్' నొక్కి, తర్వాత 'వ్యూ టెస్టెడ్ పేజ్' తెరిస్తే గూగుల్‌కు అందిన కోడు, స్క్రీన్‌షాటు వస్తాయి. ఆ కోడులో మీ పాట తెలుగు అక్షరాల్లో కనబడితేనే లెక్క. ఈ ఒక్క పరీక్ష కోసమైనా సెర్చ్ కన్సోల్ పెట్టుకోవచ్చు.

పెర్ఫార్మెన్స్‌లో పైన 'సెర్చ్ టైప్' అని ఉంటుంది. దాన్ని 'ఇమేజ్'కు మార్చి చూడండి. వాద్యాల మీద రాసేవాళ్ళకు ఇది మంచి వనరు. జమిడిక ఎట్లా ఉంటుంది, కిన్నెరకు ఎన్ని మెట్లుంటాయి అని బొమ్మలు వెతికేవాళ్ళు వేరే ఉంటారు. ఫోన్ తీసిన ఫొటోను అదే అంకెల పేరుతో ఎక్కించకుండా వాద్యం పేరుతో మార్చి, 'ఆల్ట్ టెక్స్ట్' గడిలో తెలుగులో ఒక వాక్యం రాయాలి. 'జమిడిక' అని వదిలేయకుండా 'ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయించే జమిడిక, తంత్రి కనబడేలా' అని రాస్తే చూపు లేని పాఠకులకు కూడా ఉపయోగం. ఫొటో వెడల్పు 1,200 పిక్సెళ్ళకు తగ్గకపోతే గూగుల్ డిస్కవర్‌లో (ఫోన్లో వెతక్కుండానే గూగుల్ చూపే వ్యాసాల వరసలో) పెద్ద బొమ్మగా వచ్చే వీలుంటుంది. 'వీడియో' రకం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వీడియోయే ప్రధానమైన పేజీలకే గూగుల్ ఇప్పుడు ఆ గుర్తింపు ఇస్తోంది. వ్యాసం మధ్యలో యూట్యూబ్ ముక్క అతికిస్తే సరిపోదు.

రెండో లోపం తెలుగువాళ్ళను ప్రత్యేకంగా దెబ్బతీస్తుంది. మరీ కొద్దిమంది వెతికిన మాటలను వాళ్ళ గోప్యత కోసం గూగుల్ పట్టికలో చూపించదు. పైన గ్రాఫులో 90 క్లిక్కులున్నాయనుకుందాం, కింద పట్టికలో ఉన్నవన్నీ కూడితే 35 రావచ్చు. మిగతావి పోలేదు, దాచారంతే. తెలుగులో, అదీ ఒక ఊరి పాట మీద, వెతికేవాళ్ళు కొద్దిమందే కాబట్టి దాచే వాటా మనకు పెద్దగా ఉంటుంది. దీనికో దారి ఉంది. పెర్ఫార్మెన్స్ రిపోర్టులోని 'పేజెస్' ట్యాబులో ఒక్కో పేజీ మీద నొక్కి దాని మొత్తం చూసుకోవాలి. ఏ పేజీకి జనం వస్తున్నారో అది దాచదు. ఏ మాటతో వచ్చారో తెలియకపోయినా ఏ విషయానికి వచ్చారో తెలుస్తుంది.

మూడో సంగతి లోపం కాదు, హద్దు. వాట్సాప్ నుంచి వచ్చిన ఒక్క పాఠకుడు కూడా ఇందులో కనబడడు. మన దగ్గర లింకులు తిరిగేది ఎక్కువగా వాట్సాప్‌లోనే కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. సెర్చ్ కన్సోల్లో అంకె తక్కువుందని సైటు ఎవరూ చదవట్లేదని అనుకోవద్దు. వాట్సాప్ వైపు చేయాల్సిన పనులు వేరు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, వాళ్ళు మీ నంబరు సేవ్ చేసుకుని ఉంటేనే సందేశం చేరుతుంది. చానెల్‌కు ఆ బాధ లేదు, అనుసరించేవాళ్ళకు మీ నంబరు కూడా కనబడదు. కానీ పోస్టు 30 రోజులే ఉంటుంది కాబట్టి అది దాచుకునే చోటు కాదు, పిలిచే చోటు. లింకుతో పాటు వచ్చే బొమ్మ రాకపోతే కారణం సాధారణంగా దాని బరువు. వ్యాసం మొదటి బొమ్మను 300 కేబీ లోపు ఉంచితే వస్తుంది. యూట్యూబ్ షార్ట్స్ వివరణలో లింకు పెట్టినా 2023 ఆగస్టు చివరి నుంచి అది నొక్కడానికి పనిచేయదు. అక్కడ శ్రమపడి పాఠకులను తెద్దామనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. మామూలు వీడియో వివరణలో పెట్టే లింకు మాత్రం ఖాతాకు అడ్వాన్స్‌డ్ ఫీచర్లు తెరుచుకున్నాక పనిచేస్తుంది.

'లింక్స్' రిపోర్టు గురించి రెండు మాటలు చాలు. మీ సైటుకు బయట ఎవరు లింకిచ్చారో అక్కడ ఉంటుంది. అందులో పుంఖానుపుంఖాలుగా పనికిరాని సైట్లు కనబడితే కంగారు వద్దు, వాటిని గూగుల్ లెక్కలోకి తీసుకోదు. విలువైనది సంస్థల నుంచి, సాటి రచయితల నుంచి వచ్చే లింకు. వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. హన్మకొండలో నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణంలో కార్యక్రమాలు జరుగుతుంటాయి. ఒక ప్రదర్శన గురించి జాగ్రత్తగా, కళాకారుల పేర్లు తప్పు లేకుండా రాస్తే ఆ బృందం తమ పేజీలో లింకు పెట్టుకుంటుంది. అట్లాంటిది ఒక్కటి వచ్చినా మేలే.

ఇదంతా ఓపిక లేక డబ్బిచ్చి పాఠకులను తెప్పిస్తామనే ప్రకటనల వైపు చూసేవాళ్ళకు ఒక హెచ్చరిక. వారంలో వేలమంది వస్తారని చెప్పి అమ్మేది యంత్రాల రాకపోకలే. బ్లాగర్ లెక్కల్లో గ్రాఫు లేస్తుంది, సెర్చ్ కన్సోల్లో మాత్రం ఒక్క ఇంప్రెషన్ పెరగదు. నిజం తెలుసుకోవడానికి ఇదే తూనిక. మొదటి స్థానం ఇప్పిస్తామనే వాళ్ళకు సైటు లాగిన్ ఇవ్వనే వద్దు. సెర్చ్ కన్సోల్లో 'రెస్ట్రిక్టెడ్' యూజర్‌గా చేర్చితే వాళ్ళు రిపోర్టులు చూడగలరు, ఏమీ చెడగొట్టలేరు.

నెలకు ఒక్క గంట కేటాయిస్తే సరిపోతుంది. మొదట తేదీని 28 రోజులకు పెట్టి, క్వెరీస్‌లో సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్నవాటిని వెతకండి. ఫలితాల మొదటి పేజీ అంచున ఉన్నవి అవే, కాస్త తోస్తే పైకొస్తాయి. వాటిలో ఇంప్రెషన్లు ఎక్కువ, క్లిక్కులు తక్కువ ఉన్న రెండు పేజీలు తీసుకోండి, రెండే. శీర్షికలో మొదటి నాలుగైదు మాటల్లో జనం వెతికిన మాట ఉందో లేదో చూడండి. 'మా ఊరి మట్టి వాసన: ఒక అనుభూతి' లాంటి శీర్షిక చదవడానికి బాగుంటుంది కానీ లోపల ఉన్నది పట్నం (దేవుడి ముందు వేసే ముగ్గు) వేసేటప్పుడు పాడే పాట అని ఎవరికీ తెలియదు. 'మల్లన్న పట్నం పాట: పదాలు, పాడే వరస' అని మారిస్తే తెలుస్తుంది. బ్లాగర్‌లో సెట్టింగుల నుంచి 'సెర్చ్ డిస్క్రిప్షన్' ఆన్ చేస్తే ఒక్కో పోస్టుకూ విడిగా రెండు వాక్యాల పరిచయం రాసే గడి వస్తుంది, అది నింపండి. మార్చిన తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నాలుగు వారాల దాకా మళ్ళీ ముట్టుకోవద్దు, ఫలితం కనబడటానికి ఆ మాత్రం టైం పడుతుంది. రోజూ మారుస్తూ పోతే ఏ మార్పు పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

సైటులో పది పోస్టులు కూడా లేనివాళ్ళు ఇవన్నీ చేయనక్కర్లేదు. నిర్ధారణ చేసుకుని, సైట్‌మ్యాప్ ఇచ్చి, వెళ్ళి రాసుకోండి. ఖాతా తెరిచిన నాటి నుంచి వివరాలు పోగవుతూ ఉంటాయి, అంతకు ముందువి పెద్దగా దొరకవు. అందుకే ఖాతా మాత్రం ఈరోజే తెరవాలి. ఇప్పటికే ఖాతా ఉన్నవాళ్ళు 2026 జనవరి జాతర వివరాలు దాచుకున్నారో లేదో చూసుకోండి. 2027 మే చివరి దాకానే అవి కనబడతాయి. డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 10 దాకా తేదీలు పెట్టి, వెబ్, ఇమేజ్ రెండిటికీ విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేసి, షీటు పేరులో 'మేడారం 2026' అని రాసి ఉంచుకోండి.